ముప్పై ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌లు

సాన్ రఫాయెల్,
మార్చి 3, 1987.

నెలిదక్కకి,

క్రిస్మస్ తర్వాత ఒక్క ముక్క రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ముందు ఈ బస్సు పార్సిల్ విప్పు. జాడీలో నల్లగా ఉన్నది కాఫీ కాదు, పొరపాటున మరిగించేవు. మా బొగ్గు.

మా పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ సంగతి నీకు తెలిసిందే. యజమాని తాళం వేసుకుని పోయాడు, పెరట్లో కొండంత పీచ్ టెంకల గుట్ట వదిలేశాడు. మిగిలిన పదముగ్గురం సహకార సంఘం పెట్టుకున్నాం. ఆ టెంకల్ని కాల్చి, ఎర్రగా కాలుతున్నప్పుడే ఆవిరి పట్టించి, రంగునీ వాసననీ పీల్చే బొగ్గు చేస్తున్నాం. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. కారణం, టైపు కొట్టడం నాకొక్కడికే వచ్చు.

బట్టీ దగ్గర ఉండేది సిరియాకో బాబాయ్. నాన్నతో కలిసి ముప్పై ఏళ్ళు ఇదే ఫ్యాక్టరీలో బాయిలరు చూసిన మనిషి. ఇప్పుడు అరవై ఏడు. పిన్ని పోయాక గేటు పక్క గదిలోనే ఉంటున్నాడు. గొడవంతా ఆయనతోనే. ఆవిరి ఎనిమిది గంటలు పట్టాలంటాడు. ఎనిమిది గంటలు పడితే సగం బొగ్గు పొగై పోతోంది. నాలుగు గంటలు చాలని మిగతావాళ్ళ మాట. ఊరి చివర ద్రాక్ష రసం కార్ఖానావాళ్ళు రసం రంగు తీయడానికి బొగ్గు చూస్తున్నారు. ముందు పది బస్తాలు పంపమన్నారు. అది నచ్చితే ఈ పదమూడు కుటుంబాలకీ ఏడాది పొడుగునా పని.

జాడీలోది నాలుగు గంటల బొగ్గు. రంగు దూరేంత రంధ్రాలు దీనిలో ఉన్నాయా లేవా, నీ ప్రయోగశాల యంత్రంతో కొలిచి చెప్పు. అది తేలితే వాదన తేలుతుంది. బాబాయ్ అయితే ఒక పలుకు నాలుక మీద పెట్టుకుని చూసి, "ఇది వాసన తాగుద్ది కానీ రంగు తాగదురా. దీనికింత దూరం మీ అక్కని అడగడం దేనికి?" అంటాడు.

ఫ్యాక్టరీ ఫోను ఎప్పుడో కోసేశారు. జవాబు బస్సులోనే పంపు.

నీ తమ్ముడు,
ఎవరిస్తో

*

సాన్ లూయీస్,
మార్చి 19.

ఎవరిస్తోకి,

ఇక్కడ ఒళ్ళు బాగుంది, జీతాలు బాగాలేవు. నీకు అవసరం పడితే గానీ అక్క గుర్తురాదని మరోసారి రుజువైంది.

నీ జాడీ మీద రెండు రోజులు పనిచేశాను. చెంచాలో పదో వంతు బొగ్గు గాజు బల్బులో వేసి, వేడి చేస్తూ లోపల ఉన్న గాలంతా లాగేశాను. తర్వాత బల్బుని ద్రవ నైట్రోజన్‌లో ముంచి, నైట్రోజన్ వాయువుని కొంచెం కొంచెంగా వదిలాను. బొగ్గు ఎంత మింగిందో పాదరసం గొట్టం చెబుతుంది. నిండేదాకా ఎక్కించి, మళ్ళీ అలాగే కొంచెం కొంచెంగా దించాను. ఎక్కేటప్పుడు నలభై ఒక్క కొలతలు, దిగేటప్పుడు ముప్పై. గ్రాఫు మీద ఎక్కే గీత ఒక దారిలో, దిగే గీత ఇంకో దారిలో వస్తాయి. దిగే గీతని మా ప్రయోగశాల డాక్టర్ ఇబార్రా గారి పట్టికలో పెడితే రంధ్రాల వెడల్పులు వస్తాయి. ఆయన పోయి ఆరేళ్ళయినా పట్టిక ఆయనదే. రంధ్రాలన్నీ గుండ్రటి గొట్టాలనుకుని వేసిన లెక్క అది. నిజంగా ఎలా ఉంటాయో లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మేం వాడే కొలత ఆంగ్‌స్ట్రామ్. సెంటీమీటరుని పది కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క. నీ బొగ్గులో చాలా రంధ్రాలు పది లోపే. వాసనకి అవి చాలు, రంగుకి ఇరుకు. కానీ ముప్పై ఎనిమిది దగ్గర గ్రాఫులో స్పష్టంగా ఒక గుట్ట లేచింది. ద్రాక్ష రంగుకి ఇరవై దాటితే సరిపోతుంది. అంటే నాలుగు గంటలకే తలుపులు తెరుచుకున్నాయి. ఎనిమిది అక్కర్లేదు.

సిరియాకో బాబాయ్‌ని అడిగానని చెప్పు. నాలుక కొలిచే సాధనం కాదని కూడా చెప్పు. ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను.

నెలిదా

*

సాన్ రఫాయెల్,
ఏప్రిల్ 2.

అక్కా,

నీ ఉత్తరాన్ని సమావేశంలో నిలబడి చదివాను. పది కోట్ల ముక్కల దగ్గరికి వచ్చేసరికి ప్యాకింగులో పనిచేసే ఎలోయీసా శిలువ గుర్తు వేసుకుంది. ముప్పై ఎనిమిది అనగానే అందరూ చప్పట్లు. ఆవిరి నాలుగు గంటలకే కట్టెయ్యాలని తీర్మానం చేశాం. బస్తాల మీద ఎర్ర రంగుతో పెద్దగా "38" అని వేయించాను. అదేదో సైజు అనుకుని ఒకావిడ వచ్చి నలభైది లేదా అని అడిగింది.

బాబాయ్ ఒక్కడే ముఖం ముడుచుకున్నాడు. "మీ అక్క చదువుకున్నది. కాదనను. కానీ నేను బట్టీ మూత తీసినప్పుడు ఆ బొగ్గు నాతో అట్టా అనలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన చెప్పినట్టే నాలుగు గంటలకి ఆవిరి కట్టేస్తున్నాడు.

పది బస్తాలు రేపు వెళ్తాయి. నువ్వు మా పాలిట దేవతవి.

ఎవరిస్తో

*

సాన్ రఫాయెల్,
ఏప్రిల్ 27.

అక్కా,

పని చెడింది. రసం కార్ఖానా మేనేజరు మమ్మల్ని పిలిచి రెండు గ్లాసులు ముందు పెట్టాడు. ఒకటి మా బొగ్గులోంచి పోయినది, రెండోది పోనిది. రెండూ టీ రంగే. "మీ బొగ్గుతో వాసన పోయింది, రంగు పోలేదు. మీ ముప్పై ఎనిమిది మీరే ఉంచుకోండి" అన్నాడు. బతిమాలితే ఇంకో అవకాశం ఇస్తానన్నాడు.

వెనక్కి వచ్చాక మావాళ్ళంతా ఒకటే మాట. అంకె బాగుంది, బొగ్గు బాగాలేదు, అంటే మధ్యలో ఎవరో పని చెడగొట్టారు. మధ్యలో ఉన్నది బట్టీ. బట్టీ దగ్గర ఉన్నది బాబాయ్. తన మాట నెగ్గలేదని కావాలనే ఆవిరి తగ్గించాడని ఒకడు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే చూశానని ఇంకొకడు. మధ్యాహ్నం కునుకు తీయనివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?

కార్ఖానా నుంచి వెనక్కి తెచ్చిన బస్తాలోది ఒక జాడీ పంపుతున్నాను. ఇది కూడా కొలువు. నీ అంకె తప్పయ్యే అవకాశం లేదు కదా? అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

ఎవరిస్తో

*

సాన్ లూయీస్,
మే 8.

ఎవరిస్తోకి,

జాడీ అందింది. కొలిచాను. అదే అంకె వచ్చింది. నా చెయ్యి తప్పలేదు.

మే వచ్చింది కదా, ఇక్కడ చలి మొదలైంది. సోండా గాలి మూడు రోజులు వీచి, ప్రయోగశాల బల్లల మీద వేలెడు దుమ్ము పోసి పోయింది. బ్యూనస్ ఎయిరెస్ నుంచి రొసౌరా అనే కొత్త అమ్మాయి చేరింది. ఇరవై ఆరేళ్ళు. బల్బు ముట్టుకోదు, కంప్యూటరు ముందు కూర్చుని రంధ్రాల నమూనాలు కడుతుంది. గొట్టాలు కావంటుంది, రెండు పలకల మధ్య సందులంటుంది. ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది.

సిరియాకో బాబాయ్‌ని కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనకండి. బట్టీలో ఆవిరి ఎంత పోయిందో రాసిపెట్టే అలవాటు ఆయనకి ఉందా? ఉంటే ఆ కాగితాలు జాగ్రత్త చెయ్యి.

నెలిదా

*

సాన్ రఫాయెల్,
మే 20.

అక్కా,

బాబాయ్ రాసిపెట్టడు. బట్టీ గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తాడు. గంటకొక గీత. రోజుకి నాలుగు గీతలు, ఏ రోజూ మూడు లేవు. నేను చూశాను. కానీ "ఆ గీతలు ఎప్పుడైనా గీసుకోవచ్చు" అని ఎవరో అనేసరికి వాటికి విలువ లేకుండా పోయింది.

నీ ఉత్తరంతో ఆయన పని అయిపోయింది. రెండో జాడీకి కూడా అదే అంకె వచ్చిందని నేనే చదివి వినిపించాను. ఇక అనుమానం ఏముందని అరిచారు. జూన్ 14, ఆదివారం, సర్వసభ్య సమావేశం పెట్టాం. ఆయన్ని సంఘంలోంచి తీసెయ్యాలా వద్దా అని చేతులెత్తడం. తీసేస్తే గేటు గది కూడా ఖాళీ చెయ్యాలి, అది సభ్యులకే కదా. మోంతె కోమాన్‌లో మేనకోడలు ఉంది, అక్కడికి పోవాలి.

ఆయన తన తరఫున ఒక్క మాట మాట్లాడడు. నిన్న నేనే వెళ్ళి, "బాబాయ్, ఏదైనా చెప్పు, నేను వాళ్ళకి చెబుతాను" అన్నాను. "చెప్పింది మార్చిలోనే చెప్పాను కదరా" అన్నాడు. తర్వాత పిన్ని ఫోటో గోడ మీంచి తీసి తుడిచి, మళ్ళీ తగిలించాడు. నాకు ఏడుపొచ్చింది.

కానీ అధ్యక్షుణ్ణి. ఏడుస్తూ కూర్చుంటే అవదు. రెండో అవకాశం కూడా పోతే పదమూడు కుటుంబాలూ వీధిన పడతాయి.

ఎవరిస్తో

*

సాన్ లూయీస్,
జూన్ 1.

ఎవరిస్తోకి,

సమావేశం వాయిదా వెయ్యి. కారణం తర్వాత రాస్తాను. కొలతల్లో చూడవలసినది ఇంకొకటి ఉంది.

రెండు రోజులుగా గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పని సాగడం లేదు. మీ దగ్గర మంచు పడిందా?

నెలిదా

*

సాన్ రఫాయెల్,
జూన్ 5.

అక్కా,

వాయిదా అంటే ఊరికే వెయ్యనివ్వరు, కారణం అడుగుతారు. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయని చెప్పమంటావా? నీ ఉత్తరాలు ఈ మధ్య ప్రభుత్వ ఆఫీసు కాగితాల్లా ఉంటున్నాయి. ఏదో నీళ్ళు నములుతున్నావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఎవరిస్తో

*

సాన్ లూయీస్,
జూన్ 10.

సహకార సంఘం అధ్యక్షుడు, నా తమ్ముడు ఎవరిస్తోకి,

దీన్ని సమావేశంలో చదవడానికి రాస్తున్నాను. బస్సు ఆఫీసులో సంతకం తీసుకుని ఇచ్చే పార్సిల్‌గా పంపుతున్నాను.

మీ బొగ్గులో ముప్పై ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల రంధ్రాలు లేవు. ఎప్పుడూ లేవు. ఉన్నవన్నీ సన్నవి, వాసనకి మాత్రమే పనికొచ్చేవి. రంగు తీయాలంటే ఆవిరి ఇంకా చాలాసేపు పట్టించి, లోపలి గోడలు తినిపించి, రంధ్రాలు వెడల్పు చెయ్యాలి. అంటే సిరియాకో గారు మొదట చెప్పినదే. ఆయన పనిలో ఏ తప్పూ లేదు. తప్పు నా అంకెలో ఉంది.

నాకు ఎలా తెలిసిందో కూడా రాస్తున్నాను, నమ్మకం కలగాలి కాబట్టి. మే 5న రొసౌరా నా గ్రాఫు చూసి, "నెలిదా గారూ, ఈ ముప్పై ఎనిమిది ఎక్కే గీతలో ఎందుకు లేదు?" అని అడిగింది.

"అది దిగే గీతలోనే కనబడుతుంది" అన్నాను.

"గది అంటూ ఉంటే లోపలికి వెళ్ళేటప్పుడు కూడా ఉండాలి కదండీ. బయటికి వచ్చేటప్పుడే ఎలా పుట్టింది?"

ఆ పిల్లని మందలించి పంపేశాను. తర్వాత పాత నోటుపుస్తకాలు తీశాను. పద్దెనిమిదేళ్ళవి. వాల్‌నట్ పెంకుల బొగ్గు, ముప్పై ఎనిమిది. ఆలివ్ టెంకలది, ముప్పై ఏడు. అల్గరోబో కట్టెది, ముప్పై ఎనిమిది. అసలు బొగ్గే కాని ఒక రకం మట్టి కొలిచాం, దానికీ ముప్పై తొమ్మిది. ఇన్నేళ్ళూ అన్నిటికీ ఒకే అంకె రావడం నా చేతి నిలకడ అనుకున్నాను. కొత్త విద్యార్థులకి ఆ పేజీలు చూపించి గొప్పలు చెప్పేదాన్ని.

సంగతి ఇది. సన్నటి మెడ ఉన్న రంధ్రాల్లో నైట్రోజన్ ద్రవమై ఇరుక్కుంటుంది. ఒత్తిడి తగ్గిస్తూ పోతే ఒక చోటికి వచ్చేసరికి ఆ ద్రవం ఇక నిలవలేక ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ చోటు నైట్రోజన్ స్వభావాన్ని బట్టి ఉంటుంది, బొగ్గుని బట్టి కాదు. ఒక్కసారిగా అంత వాయువు బయటపడితే పట్టిక దాన్ని ముప్పై ఎనిమిది దగ్గర గుట్టగా చూపిస్తుంది. తేల్చుకోవడానికి మీ బొగ్గునే ఆర్గాన్ వాయువుతో కొలిచాను. రంధ్రం నిజమైతే ఏ వాయువుతో కొలిచినా అదే వెడల్పు రావాలి. గుట్ట వేరే చోటికి జరిగిపోయింది. నేను పద్దెనిమిదేళ్ళు కొలిచింది మీ టెంకల్ని కాదు, ఎవరి పెంకుల్నీ కాదు. నైట్రోజన్‌ని.

ఇది నాకు మే 5న అనుమానమైంది, మే 7న రూఢి అయింది. మే 8న "నా చెయ్యి తప్పలేదు" అని రాశాను. చెయ్యి తప్పలేదన్నది నిజం, అందుకే ఆ వాక్యం వెతికి రాశాను. మే 5 నుంచి ఈ రోజుకి ముప్పై ఆరు రోజులు. సిగ్గు వల్ల దాచాను. డాక్టర్ ఇబార్రా పేరు పోతుందని మనసుకి చెప్పుకున్నాను, కానీ నిజానికి నా పేరు గురించే. పెద్ద చదువు లేకపోయినా కొలవడంలో నన్ను మించినవాళ్ళు లేరన్న ఒక్క పేరే నాకున్నది.

సిరియాకో గారిని నేను క్షమాపణ అడుగుతున్నాను. ఆయన్ని తీసెయ్యకండి.

నెలిదా

*

సాన్ రఫాయెల్,
జూన్ 17.

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది. ఆదివారమే చేతులెత్తారు. తీసెయ్యాలని తొమ్మిది, వద్దని మూడు. బాబాయ్ రెండు వైపులా చెయ్యి ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక కుర్చీ, పిన్ని ఫోటో. మేనకోడలి మొగుడు బండి తెచ్చాడు. గది ఊడ్చి, తాళం చెవి నా టైపు మిషన్ మీద పెట్టి పోయాడు. నేను అప్పటికి రాలేదు.

ఆలస్యమైపోయింది, ఏం చేస్తాం. నువ్వు ముప్పై ఆరు రోజులు ముందు రాసి ఉంటే వేరే మాట. ఇప్పుడు ఈ ఉత్తరం చదివితే కార్ఖానావాళ్ళ చెవిన పడుతుంది. రెండో పది బస్తాలు తీసుకుంటామన్నవాళ్ళు ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటారు. ఆవిరి గంటలు నేను నెమ్మదిగా పెంచుతాను. గొడవలు చల్లారాక బాబాయ్ సంగతి చూద్దాం.

ఎవరిస్తో

*

సాన్ లూయీస్,
జూన్ 24.

ఎవరిస్తో,

సంతకం తీసుకుని ఇచ్చే పార్సిల్‌కి రసీదు ముక్క పంపినవాళ్ళ దగ్గరికి తిరిగి వస్తుంది. నాది ఇవాళ వచ్చింది. జూన్ 11, గురువారం, పొద్దున్న పదకొండున్నర. కింద నీ సంతకం. నీ సంతకంలో ఎ అక్షరం తోక అంత పొడుగ్గా లాగవద్దని నీకు ఎనిమిదేళ్ళప్పుడు చెప్పాను.

సమావేశం పద్నాలుగున జరిగింది. మూడు రోజులు ఆ ఉత్తరం నీ దగ్గర ఉంది.

ముప్పై ఆరు రోజులు దాచినదానికి మూడు రోజులు దాచినవాణ్ణి తిట్టే నోరు ఉండకూడదు. అయినా తిడుతున్నాను. నేను దాచినప్పుడు ఆయన గది ఆయనకే ఉంది. నువ్వు దాచినప్పుడు చేతులు లెక్కపెడుతున్నారు. చిన్నప్పుడు నిన్ను బాయిలరు వెచ్చదనం దగ్గర కూర్చోబెట్టి చదివించిన మనిషి మీద తొమ్మిది చేతులు లేస్తుంటే, జేబులో ఆ ఉత్తరం పెట్టుకుని కూర్చున్నావు. అసహ్యంగా ఉంది. నా మీద నాకు ఉన్న అసహ్యం దీనితో తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

ఆ ఉత్తరానికి నా దగ్గర కార్బన్ కాపీ ఉంది. నిన్న మోంతె కోమాన్‌కి, సిరియాకో బాబాయ్ పేరు మీద పంపాను. ఇక్కడ కూడా దాచలేదు. డైరెక్టరు గారికి చెప్పాను, పద్దెనిమిదేళ్ళ నోటుపుస్తకాలూ ఆయన బల్ల మీద పెట్టాను. రొసౌరాకి క్షమాపణ చెప్పాను. ఆ పిల్ల నాతో కలిసి పట్టిక మళ్ళీ కడదామంది. ఇప్పుడు ఎక్కే గీతలు మొదట్నుంచీ చదువుతున్నాను.

సమావేశం మళ్ళీ పెట్టు. ఉత్తరం నువ్వే చదవాలి. జూలై 15లోగా నీ నుంచి జవాబు రాకపోతే నేనే బస్సెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడి చదువుతాను.

నెలిదా

*

సాన్ రఫాయెల్,
జూలై 13.

అక్కా,

నిన్న సమావేశం పెట్టాను. నువ్వు బస్సెక్కక్కర్లేదు.

బాబాయ్ మేనకోడలితో వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. టోపీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. నైట్రోజన్ దగ్గర ఎవరికీ అర్థం కాలేదు, "తప్పు నా అంకెలో ఉంది" అన్న దగ్గర అందరికీ అర్థమైంది. ఎలోయీసా పెద్దగా ఏడ్చింది. కావాలనే ఆవిరి తగ్గించాడన్నవాడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

చదివి కూర్చోబోతుంటే బాబాయ్ లేచాడు.

"ఆ ఉత్తరం ఏ రోజు వచ్చింది నాయనా?" అన్నాడు.

అక్కా, ఆ క్షణంలో జూన్ పదహారని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. రసీదు సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. కానీ చెప్పలేకపోయాను.

"జూన్ పదకొండు."

"మమ్మల్ని కూర్చోబెట్టింది?"

"పద్నాలుగు."

ఎందుకు దాచావని ఆయన అడగలేదు. నేనే చెప్పాను. ఉత్తరం చదివితే రెండో అవకాశం పోతుందని భయపడ్డాను. ఆవిరి నాలుగు గంటలకి కట్టించిన తీర్మానం నేను పెట్టిందే కాబట్టి, తప్పు నా మీదికి వస్తుందని ఇంకా ఎక్కువ భయపడ్డాను. ఆ తొమ్మిది చేతుల్లో ఒకటి నాదని కూడా చెప్పాను. నీకు ఆ సంగతి రాయలేదు.

ఆయన్ని తిరిగి తీసుకోవాలని అందరూ చేతులెత్తారు. నన్ను అధ్యక్ష పదవిలోంచి దించి ఎలోయీసాని ఎక్కించారు. టైపు మాత్రం నేనే కొట్టాలట, బస్తాలు కూడా కుట్టాలట. న్యాయమే. నేను బెంచీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. ఆయన టోపీ పెట్టుకుని, "గది తీసుకుంటాను. బట్టీ తీసుకుంటాను. నీ చెయ్యి మాత్రం తీసుకోను ఎవరిస్తో" అన్నాడు. కోపంగా అనలేదు. బజారులో కూరగాయలు ఏరుకుంటున్నట్టు అన్నాడు.

నీ కాపీ ఆయన కోటు లోపలి జేబులో ఉంది. వెళ్తూ వెళ్తూ మేనకోడలితో అంటుంటే విన్నాను. "ఆ పిల్ల ముప్పై ఆరు రోజులు దాచానని తనే రాసింది. వీణ్ణి నేను అడగాల్సి వచ్చింది." అంతే అన్నాడు.

ఇవాళ పొద్దున్నే బట్టీ వెలిగించాడు. ఎనిమిది గంటలు. సగం పొగై పోతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు. రెండో పది బస్తాలకి కార్ఖానావాళ్ళు ఇంకా ఒప్పుకునే ఉన్నారు. ఎలోయీసా వెళ్ళి ఉన్న సంగతి చెప్పేసరికి మేనేజరు నవ్వాడట. చల్లారాక ఒక జాడీ నీకు పంపుతాను.

తొమ్మిది గంటలకి పని ఆపి అందరం గుండ్రంగా కూర్చుని వేడివేడిగా మాతే ఆకు టీ తాగుతాం కదా. పోసే వంతు ఇవాళ నాది. అదే గిన్నె నింపి ఒక్కొక్కరికీ ఇస్తూ వస్తున్నాను. బాబాయ్ దగ్గరికి వచ్చి చాచాను. ఆయన "థాంక్స్" అన్నాడు. చాలినంత తాగినవాడు గిన్నె తిరిగి ఇస్తూ, ఇక నాకు పొయ్యొద్దని చెప్పే మాట అది. ఆయన ఒక్క గుక్క కూడా తాగలేదు, గిన్నె ముట్టుకోలేదు. చాలా మర్యాదగా అన్నాడు. నేను ఆయన్ని దాటి పక్కవాడికి ఇచ్చాను.

పోసే వంతు రోజూ నాకే ఇమ్మని ఎలోయీసాని అడిగాను. సరేనంది.

ఎవరిస్తో